గట్టుమీది విషములు – నేరశాసనములు

మా పర్యటనములలో రైతు సోదరులు మమ్మడుగు ప్రశ్నలు సాధారణముగా పురుగును గూర్చియు, తెగులును గూర్చియు, విత్తనమును గూర్చియు నుండును. ఇటీవల అద్దంకి సమీపమున జరిగిన యొక సంఘసమావేశమున మాత్రము వృద్ధుడగు నొక సభ్యుడు వేఱు విధమైన ప్రశ్న వేసెను. "అయ్యా, నా గట్టుమీద ఉమ్మెత్త మొలచినది. కంచెకు గురివింద అల్లుకొన్నది. దొడ్డిలో ఆముదపు చెట్లున్నవి. ఇవి యన్నియు విషములే యని మీరే చెప్పుచున్నారు. రేపెవడైన వీనితో చెఱుపు చేసినచో పోలీసువారు నన్ను పట్టుకొందురా?" అని యాతడడిగెను. సభలో కొందఱు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు ఆనాడు మేము చెప్పిన సమాధానము తొందరలో చెప్పినది గనుక, ఇచ్చట సావకాశముగా వ్రాయుచున్నాము.

మొక్క మొలచుట నేరము కాదు. దానిని పీకివేయకుండుటయు నేరము కాదు. శాసనము చూచునది మనుష్యుని చేతను, మనస్సును. ఆతడేమి చేసెను, ఏ తలంపుతో చేసెను, తన వశమందున్న విషముపట్ల పడవలసిన జాగ్రత్త పడెనా లేదా యనునవే న్యాయస్థానమునకు కావలసినవి. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడు నూట అరువది సంవత్సరములకు పైగా ఈ పని చేసినది. 2024 జూలై 1వ తేదీ మొదలు దాని స్థానమున భారతీయ న్యాయసంహిత అమలులో నున్నది. సెక్షను సంఖ్యలు మాఱినవి గాని విషమును గూర్చిన మూలసూత్రములు చాలవరకు మాఱలేదు. ఆ తేదీకి పూర్వము జరిగిన నేరమునకు పాత కోడే వర్తించును.

ముందుగా ఉమ్మెత్తను చూతము. మన మిరపరైతులకు దీనితో దగ్గఱ చుట్టఱికమున్నది. ఉమ్మెత్తయు మిరపయు నొకే కుటుంబమునకు చెందిన మొక్కలు. గింజలు కూడ నొక దాని నొకటి పోలియుండును. పందొమ్మిదవ శతాబ్దమున బాటసారులకు అన్నములోనో మిఠాయిలోనో ఉమ్మెత్త గింజల పొడి కలిపి పెట్టి, వారు మతి తప్పి పడియుండగా దోచుకొను దొంగలు దేశమందంతటను నుండిరి. కనుక మిరప గింజకును ఉమ్మెత్త గింజకును గల భేదము మన దేశపు న్యాయవైద్య గ్రంథములలో పాఠముగా చేరినది. మిరప గింజ లేతపసుపు రంగు గలిగి, పలుచగా, నునుపుగా నుండును. అంచు సన్నము. నమలినచో కారము. ఉమ్మెత్త గింజ కొంచెము పెద్దది, మందము, గోధుమవన్నె గలది. మీద చిన్నచిన్న గుంటలుండును. అంచు దళసరిగా రెండు గట్లవలె నుండును. రుచి చేదు. అయినను రుచి చూచి తెలిసికొనవలదని మా మనవి. సందేహమున్నచో గింజను అడ్డముగా గాక అంచువెంబడి చీల్చి భూతద్దముతో చూడుడు. లోపలి మొలక మిరపలో లోనికి ముడుచుకొని యుండును, ఉమ్మెత్తలో కొన వెలుపలికి వంగియుండును.

ఒకనికి హాని చేయవలెననియో, దోచుకొనవలెననియో, మఱి యే నేరమైనను చేయవలెననియో తలంచి విషమునుగాని మత్తుపదార్థమునుగాని యిచ్చువానికి న్యాయసంహిత 123వ సెక్షను క్రింద పది సంవత్సరములవఱకు ఖైదు, జుర్మానా కలవు. ఇచ్చట విషము దుకాణమున కొన్నదా, గట్టున కోసినదా యను విచారణ లేదు. తినినవాడు చనిపోయినచో మాట హత్యవఱకు పోవును.

తలంపు లేకయే అపాయము జరుగుటయు కలదు. 2019వ సంవత్సరమున ఆఫ్రికా ఖండమందలి ఉగాండా దేశములో కరువు ప్రాంతమున బీదలకు పంచిన పిండి తిని అయిదుగురు మరణించిరి, కొన్ని వందలమంది జబ్బుపడిరి. పరీక్షింపగా ఆ పిండిలో ఉమ్మెత్త జాతి విషము కానవచ్చినది. సోయా చేలలో కలుపుగా మొలచిన మొక్కల గింజలు పంటతో కలిసి, మరలో పడి, అన్నార్తుల కంచములలోనికి చేరినవి. చంపవలెనని యెవ్వరును తలంపలేదు. కలుపు తీయుట యను చిన్న పని, జల్లెడపట్టుట యను మఱింత చిన్న పని, ఎచ్చటనో తప్పిపోయినవి. మన కొఱ్ఱచేలలోను, సోయా చిక్కుడు చేలలోను ఉమ్మెత్త మొలకెత్తుట మీరెఱుగని విషయము కాదు.

ఇట్టి అజాగ్రత్తకే 286వ సెక్షను వ్రాయబడినది. దీనిని ప్రతి రైతును కంఠస్థము చేయవలసినంత ముఖ్యమైనదిగా మేము తలంచుచున్నాము. విషపదార్థముతో ప్రాణాపాయము కలుగునట్లు దుడుకుగానో అశ్రద్ధగానో మెలగుటయు, తన స్వాధీనమందున్న విషమువలన జనులకు అపాయము రాకుండ తగిన కట్టుదిట్టము చేయకుండుటయు నేరములే. ఆఱు మాసములవఱకు ఖైదు, అయిదువేల రూపాయలవఱకు జుర్మానా, లేక రెండును. ఎవ్వరికిని హాని జరుగకున్నను నేరము నేరమే యగుట ఇందలి విశేషము. పురుగుమందు సీసాను పిల్లలకందు గూటిలో నుంచినవాడు, మందు కలిపిన బకెట్టును బావిగట్టున విడిచినవాడు, ఈ సెక్షనుకు చాల దగ్గఱగా నిలిచినవారు.

ఇక గురివింద. ఎఱ్ఱని దేహము, నల్లని మచ్చ గల యీ గింజతో పూర్వము కంసాలులు బంగారము తూచిరి. ఇందలి విషము మిక్కిలి తీవ్రమైనది. గట్టి పొట్టు కలదు గనుక పిల్లవాడు గింజను మ్రింగినను ఒక్కొక్కప్పుడు కీడు లేకుండ వెలికి వచ్చును. నమిలినచో ప్రమాదము. పశువులను చంపి చర్మములను సంపాదించుటకు గురివిందను వాడిన సంగతి పందొమ్మిదవ శతాబ్దపు వైద్యగ్రంథములలో వర్ణింపబడినది. అదే పనికి తెల్లపాషాణము ఇంకను విస్తారముగా వాడబడుచుండెను. పాషాణముల విక్రయమును కట్టడిచేయుటకు 1904లో ఒక విషముల చట్టమును, దానికి బదులుగా 1919లో మఱియొక చట్టమును చేసిరి. ఆ కాలమున పశువు చచ్చినంతనే తోలుపని చేయు కులమువారిపై ననుమానము పోవుచుండెడిది. చర్మము వారి కుపయోగము గనుక చంపినది వారేయని తర్కము. ఇట్టి తర్కముతో ఒక కులమునంతటిని దొంగల పట్టికలో చేర్చుట ఆనాటి పెద్దలకు అన్యాయమని తోచలేదు. ఆ బుద్ధి నేటికిని పూర్తిగా పోలేదని మేము స్వయముగా చూచితిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట గుండ్లకమ్మకు ఆవలనున్న యొక గ్రామమునకు మిరప నారుమళ్ళ ప్రదర్శనమునకై వెళ్ళితిమి. శ్రావణమాసము గడచుచున్నను వానలు లేవు. మధ్యాహ్నము మేము నారుమడికడ మాటలాడుచుండగా ఒక రైతు యెడ్లజత గంటలోపల ఒకదాని వెనుక నొకటి కూలి చచ్చినవను వార్త వచ్చినది. మేము పోవునప్పటికే అచ్చట గుంపు చేరినది. ఆ రైతువద్ద ఆఱు సంవత్సరములు పనిచేసి, జీతపు తగవుమీద పది దినములక్రితమే మానివేసిన పాలేరును నలుగురు పట్టుకొనియుండిరి. వాని పెదవి చిట్లినది. వాని యింట వెదకగా పురుగుమందు సీసా దొరకినదట. ఇంతకన్న సాక్ష్య మేమి కావలెనని యందఱును.

మేము ఎడ్ల యజమానిని ప్రక్కకు పిలిచి, అవి ఉదయమున ఎచ్చట మేసెనని యడిగితిమి. జొన్నచేనికోత యైన మడిలో నని చెప్పెను. పోయి చూచితిమి. కోసిన మోళ్ళనుండి మూరెడు పిలకలు లేచి, ఎండకు వాడి, ముదురాకుపచ్చగా నున్నవి. సగము మేసియున్నవి. నాము మనవారికి తెలియని సంగతి కాదు. తల్లిగర్భముననుండియే విన్న మాట. బెట్టకు వాడిన లేతజొన్నలోను, కోసినపిదప లేచు పిలకలలోను సైనైడు విషము పుట్టును. కడుపునిండ మేసిన యెద్దు నిమిషములలో గాని గంటలోగాని రొప్పి, వణకి, పడిపోవును. అయినను కోపము వచ్చినప్పుడు తెలిసిన సంగతియే ముందు మఱపునకు వచ్చును.

పశువైద్యుడు వచ్చి కళేబరములను పరీక్షించెను. కడుపులో నమలిన జొన్నాకు ఉండలున్నవి, రక్తము మామూలుకన్న మిక్కిలి ఎఱ్ఱగా నున్నది. ఆయన నమూనాలను తీసి, సీలువేసి, పోలీసుల ద్వారా పరీక్షశాలకు పంపించెను. కొన్ని వారములకు సమాధానము వచ్చినది. పురుగుమందు జాడ లేదు, సైనైడు కలదు. పాలేరు ఇంట దొరకిన సీసామాట యేమని మీరడుగవచ్చును. అది ఖాళీసీసా. మందు పిచికారి చేసినపిదప యజమానియే వానికిచ్చెను. వాని భార్య దానిని కడిగి అందులో మంచినూనె పోసికొనుచుండెను. న్యాయముగా చూచినచో ఆనాడు విషపదార్థమునుగూర్చిన అజాగ్రత్త పాలేరుది కాదు. గురివిందకు తన నలుపు తెలియదను సామెత యూరక పుట్టలేదు.

ఆ రైతు పాలేరును క్షమాపణ కోరెనని వ్రాయుటకు మాకు వీలులేదు. ఆతడు కోరలేదు. ఎడ్లకు అప్పుతెచ్చిన సొమ్ము ఇంకను తీఱలేదని మాత్రము పలుమాఱు చెప్పెను. ఆ దుఃఖమును మేము తేలికగా చూడము. కాని ఒకడు నిర్దోషి యని యెఱిగియు వానిమీద నేరము మోపి కేసు పెట్టించుట న్యాయసంహిత 248వ సెక్షను క్రింద శిక్షార్హము. అధికారికి తెలిసియుండి అబద్ధపు సమాచారమిచ్చుటకు 217వ సెక్షను వేఱుగా నున్నది. అనుమానము నిజాయితీగా కలిగినచో చెప్పుటలో తప్పులేదు. కొట్టుటకు మాత్రము ఏ సెక్షనును అధికారమియ్యదు.

నిజముగా విషముపెట్టి పశువును చంపినవాని సంగతి వేఱు. పశువును చంపుటకును, విషము పెట్టుటకును, అంగవిహీనము చేయుటకును 325వ సెక్షను క్రింద అయిదు సంవత్సరములవఱకు ఖైదు విధింపవచ్చును. పరులగేదె మన మిరపతోటలో పడినచో గట్టున విషపుతౌడు పెట్టుట హక్కనుకొనువారు కొందఱున్నారు. అది హక్కు కాదు. చేనుపాడుచేసిన పశువును పట్టి బందెలదొడ్డికి తోలుటకు 1871 నాటి పశువుల అక్రమప్రవేశపు చట్టము మార్గము చూపినది. నేడు పెక్కు గ్రామములలో బందెలదొడ్డి గోడలు కూలి ముళ్ళకంప మొలచినది నిజమే. పంచాయతీవారు దానిని బాగుచేయింపకున్నంతమాత్రమున తౌడులో విషము కలుపుట న్యాయము కానేరదు. నెమళ్ళకు మందుపట్టించిన గింజలు చల్లుట ఇంకను ప్రమాదకరము. నెమలి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులోనిది. విషము పెట్టుటయు వేటయే యని ఆ చట్టము చెప్పుచున్నది. మూడు సంవత్సరములకు తక్కువకాని, ఏడు సంవత్సరములవఱకు పోగల శిక్ష. చేపలకొఱకు చెఱువులో పురుగుమందు పోయువానికి, నలుగురు వాడుకొను నీటిని పాడుచేసినందులకు 279వ సెక్షనును, ఇందాక చెప్పిన 286వ సెక్షనును కాచుకొని యుండును.

కంటికి కానరాని విషములు రోగబీజములు. దొమ్మరోగముతో చచ్చిన గొఱ్ఱెను కోసి మాంసము పంచుకొనుట, తోలు ఒలిచి అమ్ముకొనుట మన ప్రాంతములలో నిప్పటికిని వినవచ్చుచున్నది. నష్టములో కొంత రాబట్టుకొందమను పేదవాని ఆశ మాకు తెలియును. కాని దొమ్మబీజములు నేలలో పదులకొలది సంవత్సరములు జీవించును. కోసినవానికే ముందు అంటును. హఠాత్తుగా చచ్చి, ముక్కునుండియు ఆసనమునుండియు గడ్డకట్టని నల్లరక్తము కారుచున్న పశువును కోయరాదు. పశువైద్యునికి తెలిపి, లోతుగా గొయ్యి తీయించి, సున్నముతో పూడ్పింపవలెను. ప్రాణాపాయకరమగు రోగమును వ్యాపింపజేయు పని అజాగ్రత్తతో చేసినచో 271వ సెక్షను క్రింద ఆఱు మాసములు, దుర్బుద్ధితో చేసినచో 272వ సెక్షను క్రింద రెండు సంవత్సరములు ఖైదు పడవచ్చును. ఇదిగాక పశువుల అంటురోగములను గూర్చి 2009లో చేసిన కేంద్రచట్టము, రోగమున్నదని తోచినంతనే గ్రామాధికారికో పంచాయతీకో తెలుపు బాధ్యతను యజమానిమీదనే యుంచినది. రోగపు కళేబరమును కాలువలోనో చెఱువులోనో పడవేయుట ఆ చట్టముక్రింద నేరము. గుండ్లకమ్మలో పడవేసినది మన గ్రామమును దాటిపోవునే గాని లేకుండ పోదు.

రోగబీజముతో హత్య చేసినవారును మన దేశమున నుండిరి. పాకూరు జమీందారీ కుటుంబమున ఆస్తితగవులున్న కాలములో, 1933 నవంబరు 26వ తేదీన హౌరా రైలుస్టేషనులో అమరేంద్ర పాండే యను యువకుని చేతిపై ఎవడో గ్రుచ్చి గుంపులో కలిసిపోయెను. డిసెంబరు 4వ తేదీన యువకుడు మరణించెను. రక్తమును పరీక్షింపగా ప్లేగుబీజములు కానవచ్చినవి. విచారణలో, సవతి సోదరుడగు వినయేంద్రుడును, తారానాథ భట్టాచార్య యను వైద్యుడును కలిసి బొంబాయి ఆసుపత్రి యొకదానినుండి ప్లేగుబీజములను సంపాదించిరని తేలినది. 1935లో ఇరువురికిని ఉరిశిక్ష పడినది. 1936లో కలకత్తా హైకోర్టు దానిని యావజ్జీవ ద్వీపాంతరముగా మార్చినది. ఆనాడు రోగబీజములకు ప్రత్యేకచట్టము లేదు. కత్తికి వర్తించు హత్యాసెక్షనే సూదికిని వర్తించినది.

ఆముదపు గింజ సంగతి చెప్పి ఆ వృద్ధసభ్యుని ప్రశ్నను ముగింతుము. గింజలోని రైసిన్ అను విషము నూనెలోనికి రాదు, పిండిలో మిగిలిపోవును. అందుచేత ఆముదపు పిండి పొలమునకు ఎరువు, పశువునకు మేత కాదు. 2025 నవంబరులో గుజరాతు రాష్ట్రపు ఉగ్రవాద నిరోధక పోలీసులు హైదరాబాదు వాసియగు నొక వైద్యుని అరెస్టుచేసి, ఈ విషమును తయారుచేయ యత్నించెనని ఆరోపించిరి. రుజువగువఱకు అది ఆరోపణయే. అట్టి యత్నము రుజువైనచో శిక్షించుటకు చట్టములకు కొఱతలేదు. జనులను భయపెట్టుటకు జీవసంబంధమైన అపాయకర పదార్థమును వాడుట న్యాయసంహిత 113వ సెక్షనులో ఉగ్రవాదకృత్యముగా చెప్పబడినది. రోగబీజములను, జీవవిషములను ఆయుధములుగా చేయరాదను అంతర్జాతీయ ఒప్పందము 1972లో సంతకములకు వచ్చి 1975లో అమలుకాగా, మన దేశము 1974లోనే దాని నంగీకరించినది. సామూహిక వినాశక ఆయుధములనుగూర్చి 2005లో చేసిన మన చట్టమున అట్టి ఆయుధమును చేయువానికి అయిదు సంవత్సరములనుండి యావజ్జీవము వఱకు ఖైదు కలదు. కనుక పెద్దాయనా, మీ దొడ్డిలోని ఆముదపు చెట్లను మీరు నిర్భయముగా పెంచుకొనవచ్చును. పిండిని మాత్రము తొట్టికి దూరముగా నుంచుడు.

విత్తనములనుగూర్చి రెండు మాటలు. కలుపుమందును తట్టుకొను పత్తి యని రహస్యముగా అమ్ముడుపోవుచున్న విత్తనమునకు ప్రభుత్వపు అనుమతి లేదు. 2002లో అనుమతి పొందిన బి.టి. పత్తి వేఱు, ఇది వేఱు. జన్యువులు మార్చిన జీవులను అనుమతిలేక తయారుచేయుట, అమ్ముట 1989 నాటి నియమములకు విరుద్ధము. ఆ నియమములకు ఆధారమైన 1986 పర్యావరణ సంరక్షణ చట్టములో పూర్వము అయిదు సంవత్సరముల ఖైదుండెను. 2024 ఏప్రిల్ 1 మొదలు దానికి బదులు పదివేల రూపాయలనుండి పదునైదు లక్షలవఱకు దండుగ విధించు పద్ధతి వచ్చినది. అట్టి విత్తనము కొన్న రైతుకు రసీదుండదు. మొలక రాకున్న అడుగుటకు దిక్కుండదు. మాకు చట్టముకన్న ఇదియే యెక్కువ బాధ. మిరపకు "బయో" మందులని చీటీలేని డబ్బాలలో అమ్మునవియు నిట్టివే. పురుగును చంపునని చెప్పి అమ్ము మందు, అది జీవసంబంధమైనదైనను, 1968 నాటి క్రిమిసంహారకముల చట్టముక్రింద రిజిస్టరు కావలెను. రిజిస్ట్రేషను సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారుతేదీ, విషచిహ్నము లేని డబ్బాను సంఘము గిడ్డంగిలోనికి రానీయరాదు. రైతు తన పొలములో వాడుకొనుటను ఆ చట్టము తన పరిధినుండి తప్పించినది. 286వ సెక్షను తప్పింపలేదు.

పశువు అనుమానాస్పదముగా చచ్చినచో కళేబరమును కదల్పక, మేతను, వాంతిని, తొట్టిలోని నీటిని తాకనీయక, పశువైద్యునికిని పోలీసువారికిని కబురంపవలెను. మిగిలిన మేతను శుభ్రమైన గాజుసీసాలో నుంచి మూత బిగించి, సాక్షుల యెదుట వారికి అప్పగింపుడు. ఖాళీ మందుసీసాలను చిల్లులుపొడిచి పాడుచేయుడు, ఎవ్వరికిని ఇయ్యవలదు.

వచ్చు సంఘసమావేశమునకు మిరప గింజలను, ఉమ్మెత్త గింజలను వేఱువేఱు పళ్ళెములలో తెచ్చెదము. భూతద్దము మాయొద్ద నున్నది. సభ్యులు తమ యిండ్లలోని పిల్లలను కూడ వెంటబెట్టుకొని రావలెనని కోరుచున్నాము.